చెవిటి కాపలా

విమానాశ్రయం వచ్చిన మూడో ఏడు మా సాతంరాయిలో బోరు మోటార్లు మాయం కావడం మొదలైంది. మాది ఊరి చివరి ఇల్లు. కాపలాకు గట్టి కుక్కను తెచ్చి తీరాలని నేనే తీర్మానించాను. మా ఇంట్లో నా తీర్మానాలకు ఏ గతి పడుతుందో తెలిసినదే కనుక మా ఆవిడ కూడా వెంట బయలుదేరింది.

పాల్మాకుల దాటాక, ఎవరో వదిలేసిన కుక్కలను చేరదీసే చోటు ఒకటి ఉండేది. దాన్ని నడిపేది ఒక కోస్తా మేడం. గంతులేసే కుర్ర కుక్కలు అక్కడ చాలానే ఉన్నాయి. మా ఆవిడ వాటన్నిటినీ దాటుకుంటూ పోయి, గోడవార గోనెసంచి మీద పడుకున్న, మూతి నెరిసిన ఒక నల్లకుక్క ముందు కూర్చుంది. అది కళ్లు తెరిచి చూసి, ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి, మళ్లీ కళ్లు మూసుకుంది.

"ఆయనకి పదకొండేళ్లు దాటాయండీ," అంది మేడం. "ఫామ్‌హౌస్ అమ్మేసుకుని ఓనర్లు గేటు బయట వదిలేసి వెళ్లిపోయారు. చెవులు అసలు వినపడవు. పళ్లు నాలుగో ఐదో ఉంటాయి. వెనక కాళ్లు కొంచెం పట్టేస్తాయి."

కాపలా కుక్కకు ఇంతకు మించి అర్హతలేం కావాలి?

"మనకు గిదే కావాలె," అంది మా ఆవిడ.

ఆ తర్వాత మేడం నా గురించి చేసిన విచారణ పెళ్లిచూపుల్లో మా మామ కూడా చేయలేదు. ఇల్లు సొంతమా, అద్దెదా? తాగుతానా? మేం ఊరెళ్తే ఆయన్ని ఎవరు చూసుకుంటారు? గేటు బయట వదిలిపోయినవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. అక్కడ వాడికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. వినపడనివాడికి పేరెందుకని మేం దాన్ని అక్కడే వదిలేశాం.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆటోలోంచి కాపలాదారును నేను ఎత్తుకుని దింపడం చూసి చేట కింద పెట్టింది.

"గీ ఇంట్ల ముసలిదాన్ని నేనొక్కదాన్ని సాలలేదారా? ఇంకోణ్ని తెచ్చినవ్?"

"కాపలాకే అమ్మా."

"ఎవలు ఎవలికి కాపలా?"

వాడు ఆ వారమే డ్యూటీ ఎక్కాడు. గ్యాస్ బండ తెచ్చే అన్న గేటు తీసుకుని, వాణ్ని దాటుకుని, వంటింట్లో బండ మార్చి, ఖాళీది దొర్లించుకుంటూ పోయాడు. మావాడు గురక పెట్టాడు. నెత్తి మీద నుంచి విమానం పోతే ఊళ్లో కుక్కలన్నీ ఏకమై మొరిగేవి. మావాడు చెవి కూడా కదిపేవాడు కాదు. విమానాశ్రయం వల్ల ఏ ఇబ్బందీ లేదని చెప్పగల ప్రాణి మా మండలంలో వాడొక్కడే.

నేను మోజుపడి తెచ్చిన గట్టి బిళ్లల డబ్బా తిండిని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. అమ్మ నన్ను తిట్టడం ఆపకుండానే జొన్నరొట్టె తుంచి పాలలో నానబెట్టి వాడి ముందు పెట్టింది.

"పండ్లు లేనోనికి గా రాళ్లు పెడ్తర్రా?"

కొన్నాళ్లకు వాడి వెనక కాళ్లకు నువ్వుల నూనెతో మర్దన కూడా మొదలైంది. నాకు జ్వరమొస్తే గోళీ ఎక్కడుందో వేలితో చూపించే మనిషి అమ్మ. కుక్క గడప దాటి లోపలికొస్తే ఊరుకోనన్నది కూడా ఆమే. చలికాలం వచ్చేసరికి వాడు ఆమె మంచం కింద, ఆమె పాత చీర మీద పడుకున్నాడు. పొద్దస్తమానం వాడితోనే మాట్లాడేది. ఎదురు చెప్పనివాడు ఇంట్లో మరొకడు లేడు మరి.

రెండో వానాకాలంలో వాడు రొట్టె మానేశాడు. పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కిడ్నీలు పోయాయన్నాడు.

"సెలైన్ ఎక్కిస్తే ఇంకో వారం నడుస్తది అన్నా. గని వానికి తక్లీఫే."

తీర్మానం అమ్మే చేసింది.

"మన కోసం వాణ్ని పరేషాన్ జేసుడెందుకు? డాక్టర్ను ఇంటికి రమ్మను. ఇంట్లనే పోనీయ్."

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చాడు. వాడి తల మా ఆవిడ ఒళ్లో ఉంది. అమ్మ వంగి వాడి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఎప్పుడూ అడగలేదు. సూది పడ్డాక వాడు ఒక పెద్ద ఊపిరి విడిచాడు, అంతే. ఇంటి వెనక చెలకలో నేనే గుంత తీశాను.

నేను పనిచేసే కార్గో షెడ్డుకు ఫోన్ చేసి, ఇంట్లో పెద్దాయన పోయాడని చెప్పి సెలవడిగాను. కుక్క పోయిందంటే సెలవిచ్చేంత విశాల హృదయం మా సూపర్‌వైజర్‌కు లేదని నా గట్టి నమ్మకం. సాయంత్రం ఆయనే స్వయంగా, చేతిలో అరటిపండ్లతో, మా ఇంటికి దిగాడు. అమ్మ ఎర్రబడ్డ కళ్లతో ఎదురెళ్లింది.

"బాధపడకమ్మా. పెద్దమనిషికి ఎన్నేండ్లుంటయ్?"

"పన్నెండు నిండినయ్ బిడ్డా."

ఆయన నావైపు చూశాడు. నేను క్యాలెండరు వైపు చూశాను. అమ్మ మాత్రం ఆగలేదు. రొట్టె, పాలు, మర్దన, మంచం కింద చీర, అన్నీ చెప్పింది. ఆయన చాయ్ చల్లారిపోయేదాకా విన్నాడు. తర్వాత చెలక చూపించమని అడిగి, చెప్పులు విడిచి ఆ మట్టి దగ్గర కాసేపు నిలబడ్డాడు.

గేటు దగ్గర బండి ఎక్కుతూ అన్నాడు. "రేపు గూడ రాకు తీయ్. గని నాతోని గింత అబద్ధమెందుకాడినవ్?"

అబద్ధమేముంది సార్, మా ఇంట్లో పెద్దాయనే గదా అందామనుకున్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను గేటు పట్టుకుని, దారిన పోయేవాళ్లు చూస్తుండగానే, ఏడ్చాను.