అంగుళం తక్కువ కుట్టిన రవిక

మా ఊళ్ళో ఏడాదిగా ఒక మాట నడుస్తోంది. గంగమ్మ జాతరలో మా వదిన నెత్తి మీది దీపం కింద పడింది కదా, ఆమె మడి తప్పినందుకే పడిందని. దీపం పడటానికి కారణం మా వదిన కాదు, నేను. ఆ సంగతి నోటితో చెప్పడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. నోటి మాట ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకంగా మారుతుంది. కాగితం మీద ఉంటే మారదు. అందుకే రాస్తున్నాను.

నేను బాగేపల్లిలో దర్జీని. చదువు ఏడో తరగతి దాకా, అదీ కన్నడలో. తెలుగు అక్షరాలు పెళ్ళయిన తరువాత, పాత వారపత్రికలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. షాపు సెలవు రోజున బస్సెక్కి చిక్కబళ్ళాపురం లైబ్రరీకి పోవడం ఇరవై ఏళ్ళ అలవాటు. చదివింది నోటుపుస్తకంలో రాసుకుంటాను. మరుసటి రోజు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు చెబుతాను. అడగకపోయినా చెబుతాను. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క ఉన్న మనిషి చెబితే కదలకుండా నిలబడి వినడం తప్ప వాళ్ళకు వేరే దారి ఉండదు.

దీపం పడిన ఏడు నాకు దొరికింది మనిషి శరీరం గురించిన కన్నడ పుస్తకం. అందులో మనిషి ఎలా నిలబడతాడన్న అధ్యాయం నన్ను పట్టేసింది. నిలబడటమంటే ఊరికే ఉండటం కాదట. శరీరం క్షణక్షణం ఏదో ఒక పక్కకు ఒరుగుతూ, మనకు తెలియకుండానే సర్దుకుంటూ ఉంటుందట. అందుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. చెవి లోపల నీళ్ళతో నిండిన మూడు సన్నని గొట్టాలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. కళ్ళు చుట్టూ ఉన్నవాటిని చూసి చెబుతాయి. అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు నేల ఎలా ఉందో, కాలు ఎక్కడ ఉందో చెబుతాయి. ఒకటి చెడితే మిగిలినవి ఆ పనిని తమ మీద వేసుకుంటాయి.

ఆ చివరి వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకుని, కింద ఎర్రసిరాతో గీత కూడా గీశాను. ఆ గీత ఇప్పటికీ ఉంది.

మా వదిన కాపురం చింతామణి వైపు మా సొంత ఊళ్ళో. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. జాతరకు నెల ముందు కొత్త రవిక కుట్టించుకోవడానికి బాగేపల్లికి వచ్చింది. మా ఊరి జాతరలో ప్రతి ఇంటి పెద్దకోడలూ తంబిట్టు దీపం ఎత్తాలి. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి ముద్ద చేసి, పైన గుంట తీసి, నెయ్యి పోసి వత్తి వేస్తారు. దాన్ని పళ్ళెంలో పూలతో అలంకరించి నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడిదాకా నడవాలి. అమ్మవారి ముందు దించేదాకా తల వంచకూడదు. మా వదిన ఇరవై ఆరేళ్ళుగా ఎత్తుతోంది.

నేను టేపు పెట్టి వెనక మెడ ఎముక నుంచి నడుము దాకా కొలిచాను. పాత కొలత కంటే అంగుళం ఎక్కువ వచ్చింది. ముందు పక్క తగ్గింది. మనిషి వంగితే అలాగే అవుతుంది.

"వదినా, నువ్వు వంగిపోతాండావు," అన్నాను.

"వయసైతాంది కదప్పా. నిటారుగా ఉండేకి నేనేమన్నా కరెంటు కంబమా?"

"వయసు కాదు, అలవాటు. కిందికే చూస్తా నడుస్తాండావు."

"కింద చూడకుంటే కాళ్ళు యాడుండాయో తెల్దు మరిదీ," అన్నది.

అందరం నవ్వాం. షాపులో ఇంకా ఇద్దరు ఆడవాళ్ళున్నారు, వాళ్ళూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేను ఎర్రసిరాతో గీత గీసుకున్న వాక్యమే మా వదిన తన మాటల్లో చెప్పింది. నాకు మాత్రం అది హాస్యంలాగే వినపడింది.

వినేవాళ్ళున్నారు కదా, నేను ఇంకా ముందుకు పోయాను. దారానికి బరువుగా మిషను బాబిన్ కట్టి ఆమె చెవి పక్క నుంచి వేలాడదీశాను. దారం భుజం మధ్యగా, తుంటి మీదుగా దిగి, చీలమండకు కాస్త ముందు పడాలని పుస్తకంలో ఉంది. ఆమెకు దారం కాలివేళ్ళ మీద పడింది. "చూడండి, ఎంత ముందుకొచ్చిందో," అని ఆ ఇద్దరికీ చూపించాను. తరువాత వదినను గోడకు ఆనించి, మడమలూ వీపూ తలా గోడకు తగలాలన్నాను.

"గోడకు నిలబెట్టి మేకు కొడతావేమప్పా? పటంలో దండేసుకునే వయసు ఇంగా రాలేదు," అన్నది.

కళ్ళు మూసుకుని నిలబడమన్నాను. అది కూడా పుస్తకంలో చదివిందే. మూసుకున్న మరుక్షణమే పక్కకు తూలి కుట్టుమిషను పట్టుకుంది. పుస్తకం ప్రకారం అప్పుడు నేను ఆగి ఆలోచించాలి. "బస్సులో తల తిరిగింటాది," అన్నాను.

ఆమె వెళ్ళాక గుడ్డ కత్తిరించాను. కొత్త కొలతకు కాదు, పాత కొలతకు. వెనక అంగుళం తక్కువ ఉంటే వంగినప్పుడల్లా వీపు దగ్గర పట్టేస్తుంది, ఆ పట్టుకు మనిషి నిటారవుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రవికతో మనిషిని సరిచేసే దర్జీ ఈ తాలూకాలో ఇంకొకడు లేడనుకున్నాను.

రవిక ఇవ్వడానికి నేనే ఊరికి పోయి, వాకిట్లో ఆమె నెత్తిన ఇత్తడి చెంబు పెట్టి నడిపించాను. చూపు ఎదురింటి కిటికీ మీద ఉండాలన్నాను. రెండుసార్లు చెంబు పడింది. మూడోసారి నిలిచింది. పగటి వెలుతురులో, ఆమె ముప్పై ఏళ్ళుగా నడిచిన వాకిట్లో నిలిచింది. నాకు అది చాలనిపించింది.

జాతర రోజు పొద్దు గుంకుతుండగా దీపాలు బయలుదేరాయి. నేను వదిన పక్కనే నడుస్తున్నాను. కొత్త రవికలో ఆమె వీపు బిగిసి ఉంది. తప్పెట మోత మధ్య ఆమె చూపు మాటిమాటికీ నేల మీదికి జారుతోంది.

"తల ఎత్తు వదినా. ముందుకు చూడు," అన్నాను.

"మసకగా ఉండాదప్పా."

"అందురూ నిన్నే చూస్తాండారు. తల ఎత్తు."

ఎత్తింది. నీళ్ళ పైపు కోసం తవ్వి పూడ్చిన చోట మట్టి కాస్త దిగి ఉంది. ఆమె ముందున్నవాళ్ళ పాదాలకు అది తెలిసింది, వాళ్ళు దాటిపోయారు. వదిన అక్కడే పడింది. పళ్ళెం గుండ్రంగా తిరుగుతూ కాలువ దాకా పోయింది. తంబిట్టు ముద్ద మట్టిలో పగిలింది. ఆమె ఎడమ మణికట్టు విరిగింది.

ఆమెను లేపుతుండగానే, దీపాల వరస నడిపించే పెద్దామె అన్నది. "మడి తప్పింటాది. ఊరికే పడదు దీపం."

వదిన ఏడుస్తూ ఒప్పుకుంది. "పొద్దున ముద్ద కలిపేటప్పుడు చెయ్యి నాకినా అమ్మా. బెల్లం అంటుకోనుంటే మర్చిపోయి నాకినా. దాన్దే అయింటాది."

నేను ఆమె వీపు వెనకే ఉన్నాను. రవిక వెనక కుట్టు విడిపోయి ఉంది. దాన్ని కొంగుతో కప్పాను.

ఆ రాత్రే అన్నయ్యా నేనూ ఆమెను ఆటోలో చింతామణికి తీసుకుపోయాం. డాక్టరమ్మ మణికట్టుకు కట్టు కట్టింది. అంతటితో ఆగకుండా పాదాలు కూడా చూసింది. కుడి అరికాలి నుంచి పట్టకారుతో ఏదో లాగింది. తుమ్మముల్లు. చుట్టూ చీము పట్టి ఉంది, విరిగి చాలా రోజులై ఉంటుందట.

"నొప్పి లేదామ్మా?"

"ముల్లుండాదని ఇప్పుడే తెలిసె," అన్నది వదిన.

డాక్టరమ్మ రెండు కొమ్ములున్న ఇనుప చువ్వ లాంటి దాన్ని మోగించి ఆమె బొటనవేలి మీద పెట్టింది. అదురు తెలుస్తోందా అని అడిగింది. తెలియడం లేదన్నది. మోకాలి మీద పెడితే తెలిసింది. షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు, అరికాళ్ళలో స్పర్శ పోయిందని డాక్టరమ్మ చెప్పింది. నేల ఎలా ఉందో పాదాలు చెప్పడం మానేశాయి కాబట్టి, ఇన్నాళ్ళూ ఆమె కళ్ళతో నేలను చూసుకుంటూ నడిచింది.

"కింద చూసే నడవాలమ్మా. చీకట్లో, చూపు ఎత్తుకోని నడిస్తే మళ్ళా పడతారు. మీకు తల ఎత్తమని ఎవరైనా చెప్పిరా?"

వదిన నా వైపు చూడలేదు. "ఎవురూ చెప్పల్యా," అన్నది. ఆ వెంటనే, "మా మరిది శానా బుక్కులు సదివినోడమ్మా. మందుల చీటీ ఆయప్పకు ఇయ్యండి, అర్థమైతాది," అన్నది.

చీటీ తీసుకున్నాను. అప్పుడు చెప్పాల్సింది. ఆటోలో తిరిగి వచ్చేటప్పుడైనా అన్నయ్యకు చెప్పాల్సింది. చెబితే లైబ్రరీలో ఇరవై ఏళ్ళు కూర్చున్నది ఇందుకేనా అని అడుగుతారని భయపడ్డాను. వదిన మందులు వేసుకుంది, ముల్లు మానింది, కట్టు విప్పారు. ఊళ్ళో మాట మాత్రం అట్లే ఉండిపోయింది. పసుపు కొట్టే చోటికి ఆమెను పిలవడం మానేశారు. చెయ్యి నాకిన ఆడమనిషి అని ఎగతాళిగా ఒక పేరు పుట్టింది. షాపులో నేను కొలతలు తీయడం మానలేదు గానీ, పుస్తకాల సంగతులు చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానని ఎవరూ అడగలేదు. నిజానికి వాళ్ళకు హాయిగా ఉన్నట్టుంది.

ఈ ఏడు జాతరకు నెల ముందు ఊరి నుంచి కబురొచ్చింది. మా ఇంటి దీపం ఇక మీద రెండో కోడలు ఎత్తాలట. రెండో కోడలంటే నా భార్య.

ఆమె నా ముందు నిలబడి అడిగింది. "అక్క ఎత్తాల్సిన దీపం నేనెత్తల్లంటారే. చెయ్యి నాకినేది అక్క ఒకతేనా? అందురం నాకుతాం. నీకేమన్నా తెలుసా?"

చెప్పేశాను. రవిక సంగతి కూడా చెప్పాను.

"పదకొండు నెలలు నోట్లో సూది పెట్టుకోనుంటివా? ఊరికి పోయి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మరుసటి రోజే పోయాం. గుడి ముందు ఆడవాళ్ళు దీపాల లెక్క చూసుకుంటున్నారు. పెద్దామె ఉంది, వదిన దూరంగా మెట్టు మీద కూర్చుని ఉంది. నేను నిలబడి చెప్పాను. ఎలా నిలబడాలో ఊరందరికీ చెప్పినవాణ్ణి, గుడి స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పాదాల సంగతి, రవిక సంగతి, తల ఎత్తమన్న సంగతి చెప్పాను.

పెద్దామె చాలాసేపు ఆకు నమిలింది. "ఆ పొద్దే చెప్పకపోతివే," అన్నది.

ఆమె ఆకు పక్కకు ఉమ్మి, మళ్ళీ అందుకుంది.

"తల వంచకూడదని మా అత్త చెప్పె, నేను చెప్తి. ఎందుకో ఆయమ్మా చెప్పల్యా, నేనూ అడగల్యా," అని వదిన వైపు తిరిగింది. "నెత్తిన వద్దులేమ్మా. చేతుల్లో పట్టుకోని రా. నీ దీపం నువ్వే తేవల్ల."

ఆ మాట వినగానే నా గుండె బరువు దిగిందనుకున్నాను. నేను చేసింది చెరిగిపోయిందనుకున్నాను. వదిన లేచి నిలబడి, రెండు చేతులూ పళ్ళెం పట్టుకున్నట్టు ముందుకు చాచి, కిందికి చూసింది.

"పళ్ళెం అడ్డమొస్తాదమ్మా. పాదాలు కనపడవు," అన్నది. "నా చెల్లెలే ఎత్తుకోనీ. నేను ఎనకాల నా దోవ చూసుకుంటా వస్తా. తప్పు నాది కాదని అందురూ ఇన్నారు గదా. అది చాలు."

దీపం నా భార్యకే వచ్చింది. నేను ముందే నోరు విప్పినా ఆమె దీపం ఎత్తగలిగేది కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ పదకొండు నెలలూ ఆమె తలదించుకుని నడిస్తే, అది సిగ్గుతో అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. నేలను చూసుకోవడానికని వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు.

ఇది రాయడంలో తోడ్పడినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు వద్దని వదిన అన్నది, కాబట్టి పేర్లు లేకుండానే. గడువు దాటినా ఆ పుస్తకాన్ని మళ్ళీ నా పేరునే రాసిచ్చిన లైబ్రరీ మేడమ్ గారికి. విరిగిన చేతితో వచ్చిన మనిషి పాదాలు కూడా చూసిన చింతామణి డాక్టరమ్మకు. నన్ను ఊరికి నడిపించిన నా భార్యకు. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని నలుగురిలో అడిగిన పెద్దామెకు.

వదినకు తెలుగు చదవడం రాదు. ఇది నేనే చదివి వినిపించాలి. ఈ ఏడు ఆమెకు కుట్టిన రవిక కూడా అప్పుడే ఇస్తాను. కొత్తగా కొలిచాను. వెనక పాత కొలత కంటే అంగుళమున్నర ఎక్కువ వచ్చింది. వచ్చినదంతా పెట్టాను.