పప్పన్నం మీద ఫరోఫా

ఫరోఫా కష్టమైన వంటేమీ కాదు. కర్రపెండలం పిండిని నేతిలో, ఉల్లిపాయలతో దోరగా వేయించడమే. బ్రెజిల్‌లో దాన్ని అన్నం మీద, ఉడికిన చిక్కుడుగింజల మీద చల్లుకుని తింటారు. మా ఆయన రైల్వే తరఫున శిక్షణకు అక్కడికి వెళ్ళి, నెల రోజులుండి, ఈ ఒక్క వంట నేర్చుకుని వచ్చారు. అప్పటినుంచీ డ్యూటీ లేని ప్రతి ఆదివారం బిలాస్‌పూర్ క్వార్టర్‌లో ఆయనే చేసేవారు. మేం పప్పన్నం మీద వేసుకునేవాళ్ళం.

అత్తగారిది ప్రతిసారీ ఒకటే మాట. "ఇసక తినడానికి అంత దూరం ఎళ్ళాలేటిరా? మన అరపా ఏటి ఒడ్డున లేదేటి?"

గుండెపోటుతో ఆయన పోయి ఏడు నెలలైంది. అప్పటినుంచీ అత్తగారు సరిగా తినడం లేదు. పూటకు నాలుగు ముద్దలు మజ్జిగన్నం, అంతే. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మొన్న ఆదివారం ఆవిడ చేత కడుపునిండా తినిపించాలని నిర్ణయించుకున్నాను.

ఆ పిండి ఇక్కడ దొరకదు. సగ్గుబియ్యమూ కర్రపెండలమే కదా అని మొదట దాన్ని దంచి చూశాను. ఉల్లిపాయల తడి తగలగానే జిగురై మూకుడుకు అంటుకుపోయింది. ఆయన పద్ధతే సరి. బజారులో మలయాళీ కొట్టు నుంచి దుంపలు తెచ్చి, తోలు తీసి, కోరి, గుడ్డలో మూటగట్టి గట్టిగా పిండాను. ఆ తడిపొడిని ఇనప మూకుట్లో సన్నసెగ మీద ముప్పావుగంట కలుపుతూనే ఉన్నాను. చెయ్యి ఆపితే మాడుతుంది. గలగలలాడాక తీసి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అందులో కలిపాను. రంగూ వాసనా ఆయన చేసినట్టే వచ్చాయి. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

పప్పన్నం కలిపి, పైన చల్లి ఇచ్చాను. అత్తగారు కంచం వెనక్కి జరిపారు.

"నాకొద్దు. కాశీలో కర్రపెండలం ఒగ్గీసాను."

అస్థికలు కలపడానికి మా మరిదితో కాశీ వెళ్ళింది ఆవిడే. అక్కడ ఇష్టమైనది ఒకటి విడిచిపెట్టి, ఇక జన్మలో ముట్టకూడదు. చాలామంది ఎప్పుడూ తినని కాకరకాయో పొట్లకాయో వదిలేసి వస్తారు. ఆవిడ అలా చెయ్యలేదు.

"ఇసక ఇసక అని తిట్టేవారు కదా అత్తయ్యా! ఇష్టమని ఒక్కనాడూ చెప్పలేదేం?"

"ఏటి చెప్తాను? చెప్తే ఆడు నెత్తికెక్కి కూకోడేటి?"

ఆ కంచం నా ముందుకు లాక్కున్నాను. ఇలాంటి నియమాల మీద నాకు నమ్మకం లేదు. కానీ కొడుకు పేరున ఆవిడ ఇచ్చిన మాటను మార్చే హక్కు నాకు లేదు. పిండి డబ్బాల వైపు చూసి అడిగాను.

"మొక్కజొన్న వదల్లేదు కదా?"

"అదెందుకు ఒగ్గుతాను? మక్క మాటే ఎత్తలేదు."

బ్రెజిల్‌లో మొక్కజొన్న పిండితోనూ ఫరోఫా చేస్తారని ఎక్కడో చదివాను. రొట్టెల కోసం తెచ్చిన పిండి డబ్బాలో ఉంది. మళ్ళీ పొయ్యి వెలిగించాను. ఆవిడ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"పచ్చి వాసన వత్తంది. ఇంకా కలుపు."

కలిపాను.

"నెయ్యి దగ్గర అంత పిసినారితనమేటే?"

ఇంకో గరిటె వేశాను.

"ఆడు చేసినంత బాగులేదు," అన్నారు తింటూనే. నేను ఒప్పుకోలేదు. ఆ వాదన పప్పుగిన్నె అడుగు కనబడేదాకా సాగింది.