మా చిన్నాయన క్యాసెట్టు... బి సైడు

మా చిన్నప్పుడు... ఓబులేసు చిన్నాయన ప్రొద్దుటూరు బస్సు దిగాడు, చంకలో సంచి, సంచి నిండా క్యాసెట్లు. తన సొంత పాటలవి! అట్ట మీద గిటారు పట్టుకున్న ఆయన ఫోటో... వాయించడం రాదు లెండి, ఫోటో కోసం పట్టుకున్నాడంతే.

ఆయన మా నాన్నకు తమ్ముడు. జమ్మలమడుగు పక్కన పల్లె మాది. చెక్కభజనలో ఆయన గొంతెత్తితే పక్క ఊరివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లకు వాయించే బ్యాండు వాళ్లతో జట్టు కట్టి, మన పల్లె పాటకు గిటారూ డ్రమ్ములూ తగిలించాడు. ఏ సైడు అంతా అదే దడదడ...

"ఏందిరా ఇది, రేకుల కొట్టం మీద రాళ్లవాన పడినట్ల!" అని మా అవ్వ తిడుతూనే తాళం వేసేది.

బి సైడు వేరు. డ్రమ్ముల్లేవు. గిటారు ఒక్కటే మెల్లగా మోగుతుంటే, ఎండిపోయిన పెన్నేటిని తలుచుకుంటూ పాడాడు. చావు అన్న మాట ఒక్కటి కూడా అందులో లేదు.

"ఏ సైడు జనానికి పాపా... బి సైడు నాకు" అనేవాడు నాతో.

ఆ ఏడే మా ఊరి పెద్దాయన ఒకాయన పోయాడు. మా వైపు చావింట్లో మైకు పెట్టి తత్వాలు వేయడం ఆనవాయితీ. మైకుసెట్టు మాబు మామ దగ్గరున్న తత్వాల క్యాసెట్టు టేపు చుట్టుకుని తెగిపోయింది. ఏం చేయాలో తోచక, నెమ్మదిగా ఉంది కదా అని మాబు మామే మా చిన్నాయన క్యాసెట్టు బి సైడు వేశాడు. జనం వలవలా ఏడ్చారు. "శానా బాగా పాడినావప్పా" అని భుజం తట్టారు. పిచ్చి మా చిన్నాయన... మురిసిపోయాడు.

అంతే! ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరు పోయినా అదే పాట. ఇళ్లల్లో ఆ క్యాసెట్టు పెట్టడమే మానేశారు. నేను మరిచిపోయి కూనిరాగం తీస్తే "నోర్మూయే, సావు పాట ఇంట్లోనా!" అని మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది.

పులివెందులలో మా మేనత్త కూతురి పెళ్లి. చిన్నాయన కొత్త చొక్కా తొడుక్కుని, బ్యాండుతో కలిసి ఏ సైడు పాట అందుకున్నాడు. ఒక చరణం కూడా కాలేదు... పెళ్లికొడుకు పెదనాయన లేచాడు.

"ఆపప్పా! శుభమా అని పెండ్లి చేస్తాంటే ఆ సావు గొంతేంది ఈడ?"

"ఇది ఆ పాట కాదు మామా..."

"పాట ఏదైతే ఏంది? గొంతు అదే గదా!"

పందిట్లో ఒక్కరంటే ఒక్కరు ఆయన వైపు నిలబడలేదు. మా నాన్న కూడా! తోడబుట్టినవాడు... తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్నాయన మైకు కింద పెట్టి, అన్నం తినకుండానే బస్సెక్కాడు. మళ్లీ పాడలేదు. చెక్కభజన వైపు కూడా పోలేదు.

మొన్న ఎండాకాలం చిన్నాయన పోయాడు. మాబు మామ కొడుకు ఫోనులోంచి ఆ బి సైడే పెట్టబోతే చిన్నమ్మ అడ్డం పడింది.

"అది ఒద్దు నాయనా. ఆ మనిషిని సంపిందే ఆ పాట. డ్రమ్ములది ఎయ్యి."

వేశాడు. ఎన్నేళ్లకో ఆ దడదడ... నవ్వుతున్నట్టుండే ఆ గొంతు... చిన్నమ్మ కళ్లు మూసుకుని వింటోంది. వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇంతలో ఒకాయన విసవిసా వచ్చాడు.

"సావింట్లో ఇదేం పాట? నలుగురూ నవ్విపోతారు. ఆపు!"

ఎవరో పరాయివాడు కాదండీ... మా నాన్నే.

ఇప్పుడేమో పల్లె పాటకు గిటారు కలిపితే ఎగబడి వింటున్నారు, పెళ్లిళ్లలో గుండెలదిరే డీజేలు పెట్టి గంతులేస్తున్నారు. మా చిన్నాయన గొంతు మాత్రం పెళ్లికీ పనికిరాలేదు, ఆయన చావుకీ పనికిరాలేదు.

మీ ఊళ్లోనూ ఇట్లా నలుగురూ కలిసి నొక్కేసిన గొంతు ఉంటే, ఆ మనిషి పేరు కింద రాయండి... ఇక్కడైనా ఆపమనేవాళ్లు లేరు.