దించావా?

ఆమెకో పేరుందన్న సంగతి హాజరు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పద్నాలుగేళ్లు నెత్తిన మట్టి తట్ట మోసింది కాబట్టి తట్టమ్మ అయిపోయింది. అలాంటి తట్టమ్మ నలభయ్యో ఏట మట్టి తవ్వే చిన్న బండి నేర్చుకుంటానంటే పని చోట అందరూ పగలబడి నవ్వారు. నవ్వనిది ఒక్కడే, ఆ బండి నడిపే అన్న.

తోడబుట్టిన అన్న కాదు, వరస కలుపుకున్న అన్న. "నీ మెడ ఇక తట్ట మొయ్యదు చెల్లీ. రా, ఇది నేర్చుకో," అని తనే పిలిచాడు. తిండి వేళలో సగం కోసుకుని ఆరు నెలలు నేర్పాడు. ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి చూడాలి. కూర్చోగానే బెల్టు పెట్టుకోవాలి. మట్టి తీసే బకెట్ తిరిగే మేరలో మనిషి కాదు కదా, కుక్క కూడా ఉండకూడదు. తవ్విన కాలవ అంచుకు పోకూడదు, అంచు మట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది. దిగేముందు బకెట్ నేలకు దించి, లివర్లు లాక్ చేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి.

"చెవి జేబులో పడ్డాకే బండి ఆగినట్టు" అనేవాడు. ఆమె దిగబోతుంటే ప్రతిసారీ "దించావా?" అని కేకేసేవాడు. "దించానన్నా!" అని ఆమె. వినీ వినీ సిమెంటు కలిపేవాళ్లు కూడా ఆ మాటతో ఆమెను ఆటపట్టించేవారు.

సోమవారం బండి నడిపే లైసెన్సు పరీక్ష. ఫారం మీద సూపర్‌వైజర్ సంతకం ఉంటేనే రానిస్తారు. లేకపోతే మళ్లీ ఏడాది దాకా తట్టే గతి. ఆ మెడ ఏడాది ఆగదని డాక్టరు ముందే చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ షెడ్డులో తింటున్నారు. తట్టమ్మ బండిని చదును నేల మీద ఆపి దిగింది. "చెవి ఇలా ఇవ్వు చెల్లీ, నాలుగు బకెట్ల మట్టి తీసొస్తా," అన్నాడు అన్న. ఇచ్చేసి, చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక కుళాయి దగ్గరికెళ్లింది. కాసేపటికి ధబ్బుమని చప్పుడు. పరుగెత్తుకొచ్చి చూస్తే అంచు విరిగి బండి కాలవలోకి ఒరిగిపోయింది. బకెట్ గాలిలోనే ఉంది, నీళ్ల పైపు పగిలి చుట్టూ బురద. అన్న మాత్రం గీత కూడా పడకుండా గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఎవరు నడిపింది?" అంటూ సూపర్‌వైజర్ వచ్చాడు.

"చెల్లే సార్. అంచుకు పోవద్దని చెప్తూనే ఉన్నా. చెయ్యింకా కుదరలేదు," అన్నాడు అన్న, ఆమె వైపు చూడకుండా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా! పరాయివాడు ఆ మాట అంటే ఆమె అక్కడికక్కడే కడిగి పారేసేది. కానీ అన్నది అన్న.

అతను పక్కకొచ్చి గొణిగాడు. "ఊరుకో చెల్లీ. నాకిది మూడోసారి, ఇంటికి పంపేస్తారు. నేర్చుకునేదానివి, నీకైతే ఓ తిట్టుతో పోతుంది."

తిట్టుతో పోయేది ఏమిటో ఆమె కళ్లెదుటే కనిపిస్తోంది. సూపర్‌వైజర్ సంతకం పెట్టని ఫారాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు.

"సరేలే, చెవి ఇలా తే అమ్మా. బండి పైకి లాగించాలి."

తట్టమ్మ పని చొక్కా జేబు బయటికి తిరగేసి చూపించింది. చేతిగుడ్డ ఒకటే కింద పడింది.

"నా దగ్గర లేదు సార్. బండి ఆపినవాళ్ల జేబులోనే చెవి ఉండాలి. అన్నే నేర్పాడు."

అందరి చూపూ అన్న చొక్కా మీదికి మళ్లింది. చెవికి కట్టిన ఎర్రదారం జేబులోంచి బయటికి వేలాడుతోంది. ఇరవయ్యేళ్ల అలవాటు, అబద్ధమాడేటప్పుడు కూడా వదల్లేదు పాపం.

సంతకం పడింది. సోమవారం పరీక్షా గట్టెక్కింది. అన్నను పనిలోంచి తీసెయ్యలేదు కానీ విచారణ తేలేదాకా బండెక్కనివ్వలేదు, కింద నిలబడి బండి దగ్గరికి ఎవరూ రాకుండా చూసుకోమన్నారు.

మంగళవారం సాయంత్రం తట్టమ్మ పని ముగించింది. బకెట్ నేలకు ఆనించి, లివర్లు లాక్ చేసి, చెవి జేబులో వేసుకుంది. ఏమీ జరగనట్టు కింది నుంచి కేక వినపడింది.

"దించావా?"

సిమెంటు కలిపేవాళ్ల పారలు ఆగాయి. ఆమె నెమ్మదిగా దిగి, అతని ముందుకొచ్చి నిలబడింది.

"దించానండీ."