నాలుగో టికెట్

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. దోహాలో తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. కరెంటు పోతే ఫ్యూజు చూస్తాను తప్ప గాలి సోకిందనుకోను. ఇది చదివి మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. నేనైనా నవ్వేదాన్నే.

నమ్మకాలన్నీ మా ఆయన శ్రీధర్ వైపువి. ముగ్గురు కలిసి బయలుదేరకూడదని మా అత్తగారి పట్టు. తప్పనప్పుడు ఒక రాయిని వెంట తీసుకెళ్తే నలుగురు అయినట్టే. మేమేమో ఆయన, నేను, మా అమ్మాయి హాసిని, సరిగ్గా ముగ్గురం. అందుకని అల్ తుమామాలో మా బిల్డింగ్ గేటు దగ్గర మొక్కల మడిలోంచి ఏరిన ఒక గులకరాయి మా ఇంటి మనిషైపోయింది. ఆయన దాన్ని నాలుగో టికెట్ అనేవారు. బూడిద రంగు రాయి, చుట్టూ తెల్లటి చార. హాసిని నా మెరూన్ నెయిల్ పాలిష్‌తో దానికి రెండు కళ్లు పెట్టింది. ఎడమ కన్ను కారిపోయి పెద్దదైంది.

ఒక చలికాలం ఫువైరిత్ బీచ్‌లో టెంటు వేసుకున్నప్పుడు ఆ రాయికి వీడ్కోలు చెప్పాం. తోడు వచ్చినదాన్ని మళ్లీ ఇంటికి ఈడ్చుకెళ్లకూడదన్నది ఆయన అప్పటికప్పుడు సొంతంగా చేర్చిన రూలు. నా కళ్ల ముందే దాన్ని సముద్రంలోకి విసిరారు. ఎంత దూరం పడిందో వేలు పెట్టి మరీ చూపించారు. ఆ రోజే హాసినికి మాట కూడా ఇచ్చారు, వచ్చే ఏడు టెంటు కాదు, చక్రాల మీద ఇల్లు, క్యారవాన్ అని.

ఆ తర్వాతి వేసవిలో ఆయన డ్యూటీలో ఉండగా గుండె ఆగిపోయింది. కాకినాడ తీసుకెళ్లాం, జరగాల్సినవన్నీ జరిగాయి. నేను ఏడవలేదు. ధైర్యం గల మనిషినని చుట్టాలు అనుకున్నారు. ధైర్యం కాదు, లోపల ఏమీ లేదు, అంతే. మా ఇద్దరి వీసా ఆయన ఉద్యోగం మీదే ఉండేది. పాప పరీక్షలు అయ్యేదాకా కంపెనీ వాళ్లు గడువు ఇప్పించారు.

హాసినికి పదేళ్లు. తిరిగొచ్చాక దానికి ఉలుకూ పలుకూ లేదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు. ఒకే ఒక్కసారి నోరు తెరిచి, క్యారవాన్ క్యాన్సిలేనా అని అడిగింది. కాదన్నాను. అన్నాక ఇంక చేయాల్సిందే. వాళ్ల నాన్న మాట కూడా ఆయనతోపాటు పోయిందని అది అనుకోకూడదు, నాకు కావలసింది అంతే.

చలికాలం రాగానే ప్లానింగ్ అంతా ఒక ఉద్యోగంలా చేశాను. జెక్రీత్ వైపు తెల్లటి రాతిగుట్టల పక్కన, సముద్రం ఒడ్డున చోటు ఖాయం చేశాను. క్యారవాన్ అద్దెకిచ్చే అతని మనిషి ముందే బండి తెచ్చి అక్కడ నిలిపి, తాళం చేతికిచ్చి వెళ్తాడు. నీళ్ల ట్యాంకు, గ్యాసు, జనరేటరు అన్నీ మాట్లాడాను. మొదటి పూటకు పులిహోర, పొద్దున్నకి ఉప్మా. చేతులు వాటంతటవే పని చేసుకుపోయేవి.

తోడుగా కింద ఫ్లోరులో ఉండే నస్రీన్, వాళ్లాయన యూసుఫ్ భాయ్ వస్తామన్నారు. నిజామాబాద్ వాళ్లు. నస్రీన్ ఒక ఫార్మసీలో పని చేస్తుంది, ఇసుకలో బండి నడపడంలో మగవాళ్లకే పాఠాలు చెప్పగలదు. మొత్తం నలుగురం, కాబట్టి రాయి ఊసే రాలేదు. తీరా బయలుదేరే రోజు పొద్దున యూసుఫ్ భాయ్‌కి డ్యూటీ పడింది. అమ్మా, ముగ్గురమయ్యాం అంది హాసిని లిఫ్టులో. నేను సామాను ఎత్తుకుని దిగిపోయాను. గేటు దగ్గర మొక్కల మడి వైపు కూడా చూడలేదు. ఇంట్లో మనిషినే ఆపలేని రాళ్లు ఎందుకని నా కోపం.

దారి పొడుగునా హాసిని కిటికీకి తల ఆనించి, చివరికి నిద్రపోయింది.

మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడే చేరాం. క్యారవాన్ తెచ్చిన డ్రైవరు తాళం ఇచ్చి వెళ్లిపోయాడు. హాసిని మేమొచ్చిన బండిలో నిద్రలోనే ఉంది. నస్రీన్ డిక్కీలోంచి సామాను దింపుతోంది. తలుపు తీసి మొదట లోపలికి వెళ్లింది నేనే.

పొయ్యి పక్కన బల్ల మీద ఆ రాయి ఉంది.

తెల్ల చార. మెరూన్ కళ్లు. ఎడమది పెద్దది.

చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా వెంటనే రాలేదు. తలుపు మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఏమైందక్కా, గట్ల కూసున్నవ్?" అంటూ నస్రీన్ వచ్చింది. చెప్పాను. ఆమె రాయిని ముట్టుకోలేదు. "మంచిదే అయ్యుంటదక్కా. చెడ్డదైతే పొల్లగాండ్లు పెట్టిన కండ్లేసుకొని రాదు," అంది.

నాకున్న బుర్రతో అన్నీ ఆలోచించాను. కిందటేటి ఫోటో ఫోనులో ఉంది, అందులో రాయి హాసిని అరచేతిలో ఉంది. పక్కపక్కన పెట్టి చూశాను. చార ఒక చోట విరిగి మళ్లీ మొదలవుతుంది, అది కూడా అలాగే ఉంది. ఫువైరిత్ దేశానికి ఆ చివర, జెక్రీత్ ఈ చివర. హాసిని ఇంకోటి తయారుచేసిందేమో అంటే, దాని బ్యాగు సర్దింది నేనే, ఆ పాలిష్ సీసా కాకినాడ నుంచి రాగానే చెత్తలో వేసిందీ నేనే. డ్రైవరుకి ఫోన్ చేస్తే, తడిగుడ్డతో తుడిచి తాళం వేశాను, బల్ల మీద ఏమీ లేదు, ఏమైనా పోయిందా మేడమ్ అని హిందీలో కంగారుపడ్డాడు.

ఇంతలో హాసిని లేచి వచ్చింది. నా చేతిలోకి చూసింది. కేక పెడుతుందనుకున్నాను.

"వచ్చేసిందా," అంది. అంతే. ఆలస్యమైన స్కూలు బస్సు గురించి అన్నట్టు. తర్వాత పులిహోర అడిగి రెండుసార్లు పెట్టించుకుంది. రాయిని పక్కనే పెట్టుకుని సాయంత్రమంతా నస్రీన్‌తో కబుర్లు చెప్పింది. దాని గొంతు అంతసేపు విని ఎన్నాళ్లయిందో.

మర్నాడు తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతుంటే అది రాయి పట్టుకుని నీళ్ల దాకా వెళ్లింది. వెనకాలే వెళ్లాను. ఈసారి మనతో తీసుకెళ్దామా అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తీసుకెళ్లకూడదుగా. నాన్న చెప్పాడు," అంది. విసరలేదు. వంగి నీళ్లలో మెల్లిగా పెట్టింది. "ఇండియాకి మనిద్దరమే కదమ్మా వెళ్తాం. ఇద్దరికి అక్కర్లేదు."

అప్పుడు ఏడ్చాను. వేసవి నుంచి రానిదంతా అక్కడ వచ్చింది. నస్రీన్ బండి ఇంజను ఆపేసి, దూరంగా నిలబడి, మాకోసం ఆగింది.

ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం. మా తమ్ముడితో కలిసి ఎక్కడికైనా ముగ్గురం బయలుదేరితే హాసిని రోడ్డు పక్కన ఏదో ఒక రాయి ఏరుతుంది. సంచిలో వేసుకునే ముందు నేను ఒకసారి ఇలా ఇమ్మని తిప్పి చూస్తాను. ఉత్త రాళ్లే.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ రాయి తాళం వేసిన క్యారవాన్‌లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఒకసారి రాగలిగింది, రెండోసారి ఎందుకు రావడం లేదో అదీ తెలియదు.