పేరు పెట్టి పిలిస్తే నా నవల పాడైపోయిందట

రెండేళ్లుగా రాస్తున్న నా నవలను ప్రింటు తీయించి మందసలో మా పిన్నికి చదవమని ఇచ్చాను. పలాసలో జీడిపప్పు కొట్టు నడిపే అమ్మాయికీ, ఎదురు కొట్టులో బట్టలు కుట్టే అమ్మాయికీ మధ్య ప్రేమ కథ అది. చాలా నెమ్మదిగా నడుస్తుంది. చివరి పేజీలో ఒకామె రెండో ఆమెను మొదటిసారి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపు కోసమే అంతా రాశాను.

ఈ సాయంత్రం పిన్ని ఆ కాగితాలు నా ఒళ్లో పడేసింది.

"అంతా బాగుంది గానీ సివర్న పాడు సేసేసినావే. అంత పేనంగా ఉన్నోలు పేరెట్టి పిలుసుకుంతారేటి? అది కొట్టేసి నేస్తం అని రాయి."

నాకు ఒళ్లు మండింది. "వాళ్లు ఉత్త స్నేహితులు కాదు పిన్నీ, అది ప్రేమ!"

"నాకు తెల్దేటి?" అంది.

పిన్ని చిన్నప్పుడే మా వైపు ఆనవాయితీ ప్రకారం భావనపాడు ఆవిడతో నేస్తం కట్టుకుంది. అలా కట్టుకున్నవాళ్లు జీవితాంతం ఒకరి పేరొకరు పలకరు, 'నేస్తం' అనే పిలుచుకుంటారు. ఆ కోపంలోనే అడిగేశాను.

"అయితే నీ నేస్తం పేరేటో సెప్పు, సూద్దాం."

మా బాబాయిని వీధి చివరిదాకా వినబడేలా పేరు పెట్టి కేకలేసే పిన్ని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

చివరి పేజీ చింపేశాను. కోపం మాత్రం తగ్గలేదు. ప్రతి పండక్కీ పిన్నికి చీర పట్టుకొచ్చే ఆవిడ పేరు ఇన్నేళ్లయినా నాకూ తెలియదు. మీ ఇళ్లలో నేస్తాల పేర్లు మీకెవరికైనా తెలుసా?