మాస్కోకు ఉప్పు మూట

ఎనభైల్లో విశాఖ ఉక్కు ఉద్యోగం నన్ను ట్రైనింగ్‌కి మాస్కో పంపింది. తల్లి లేని నా కూతురు, ఆరేళ్ల రాణిని ఎవరి దగ్గర వదలను? వెంట తీసుకెళ్లడానికి స్వెట్టర్లు, ఆవకాయ సర్దాను. మా వీధిలో చేపలమ్మే అప్పలమ్మ బెంగ వేరు.

"అక్కడ దిష్టెవులు తీత్తారు బాబూ?"

నాకు ఉప్పు మూట కట్టిచ్చింది. నేను ఉప్పు తిప్పాక నా పిడికిలి మీద మూడుసార్లు ఉమ్మాలని రాణికి నేర్పింది.

మాస్కో ట్రామ్‌లో ఒక ముసలామె రాణి బుగ్గలు పుణికి, మురిసిపోయి, పక్కకు తిరిగి "థూ థూ థూ" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె పిడికిలితో చెక్క సీటు తట్టింది. పిడికిలి కనపడగానే రాణి దానిమీద మూడుసార్లు ఉమ్మేసింది! ట్రామంతా బిగుసుకుపోయింది. ముసలామె పకపకా నవ్వి పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుంది. అలా ఉమ్మి చెక్క తట్టడం అక్కడి దిష్టి తీతని నాకు తర్వాత తెలిసింది.

తిరిగొచ్చి, విప్పని మూట అప్పలమ్మకిచ్చి సంగతంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"పిల్లలున్న ఊర్లో అలాటి ముసిల్ది ఉండదేటి?" అని చేపల గంప దించింది.